భయానికి తోడు

వైశాలి మొదటిసారి వచ్చినప్పుడు ఎవరి ముఖమూ చూడలేదు. అందరి చేతులే చూసింది. ఎవరి చేతిలోనైనా అగ్గిపెట్టె ఉందేమోనని ఆ పిల్ల భయం. తొమ్మిదేళ్లుంటాయి. తల్లి సమ్మక్క కొంగు పట్టుకుని, ఆ కొంగులోనే సగం ముఖం దాచుకుని నిలబడింది.

హనుమకొండలో పాత బంగళా ఒకదానిలో నడిచే పిల్లల మానసిక చికిత్సా కేంద్రం అది. సుచరిత పిహెచ్‌డీ ముగించి అక్కడ శిక్షణకు చేరింది. డాక్టరేటు చేతికొచ్చినా, మరో ఏడాది అనుభవమున్నవాళ్ల కనుసన్నల్లో పని నేర్చుకుంటే తప్ప పిల్లలకు సొంతంగా చికిత్స చేయనివ్వరు. సుచరితకు అది బరువుగా ఏమీ అనిపించలేదు. నేలమీద చతికిలబడి బొమ్మలాడుతూ, బొమ్మలు గీస్తూ, పిల్లల మనసులోకి దారి వెతుక్కోవడం ఆమెకు ఇష్టమైన పని. ఇంటి దగ్గర నాలుగేళ్ల కొడుకు నిహాల్ ఉన్నాడు గనుక అలవాటైన పని కూడా.

"మాది మిర్చి బజ్జీల బండి మేడం," అని సమ్మక్క చెప్పింది. "ఆ దినం నేను నీళ్లకు వోయిన. సిలిండరు పైపు అంటుకున్నదట. మా ఆయన ఈ పిల్లను అవతలికి నూకి, ఆయన అండ్లనే వడ్డడు. దవఖానకు తీస్కపోయినా దక్కలేదు. అప్పటిసంది ఇది ఇంట్ల పొయ్యి ముట్టియ్యనియ్యది. దేవుని కాడ దీపం గూడ పెట్టనియ్యది. నేను పక్కింట్ల వండుకొచ్చి, సల్లారినంక పెడుతున్న. అన్నంలకెల్లి పొగ లేస్తే పళ్లెం ఇసిరికొడ్తది."

సుచరిత తాను నేర్చుకున్న దారిలోనే మొదలుపెట్టింది. ముందు ఆటలు, తర్వాత కబుర్లు, ఆ తర్వాత ఎర్రరంగు, పసుపురంగు. వానాకాలం పోయి చలికాలం వచ్చినా, కాగితం మీద గీసిన దీపం ఉన్న గదిలో కూడా వైశాలి కూర్చోలేకపోయింది. బడి మానేసింది. బరువు తగ్గింది. రాత్రిళ్లు తల్లి ఊపిరి ఆడుతోందో లేదో చూడటానికి లేస్తోందని సమ్మక్క చెప్పింది.

అప్పుడు ప్రొఫెసర్ వారిజ తన యంత్రం సంగతి ఎత్తింది. ఆ కేంద్రానికి ఆమే పెద్ద. సుచరిత శిక్షణ చూసేది కూడా ఆమే.

యంత్రం చూడటానికి ఏమంత గొప్పగా లేదు. ఎదురెదురుగా రెండు కుర్చీలు, మెత్తటి రెండు టోపీలు, వాటి మధ్య ఒక పెట్టె. దానికి వారిజ 'తోడు' అని పేరు పెట్టుకుంది.

"ఏడ్చే బిడ్డను తల్లి ఎత్తుకుంటే ఏమవుతుంది? బిడ్డ వణుకు కొంత తల్లిలోకి పోతుంది. తల్లి నెమ్మది కొంత బిడ్డకు వస్తుంది. ఇదీ అంతే, ఇంకాస్త లోతుగా," అంది వారిజ.

"ఆ భయం నాలో ఉండిపోదా మేడమ్?"

"నీకు జరగని దాని భయం నీలో ఎంతకాలం నిలుస్తుంది సుచరితా? వేరు లేని మొక్క అది. దానంతటదే వాడిపోతుంది."

సమ్మక్క ఆ పెట్టె చుట్టూ తిరిగి చూసింది. "పాలల్ల తోడేసినట్టా మేడం?" అని అడిగింది. వారిజ నవ్వి, అట్లాంటిదేనంది.

మొదటిసారి సుచరిత ఎదుట టోపీ పెట్టుకుని కూర్చున్నప్పుడు వైశాలికి ఒక బొమ్మ చూపించారు. నీలం మంటతో వెలుగుతున్న గ్యాస్ పొయ్యి బొమ్మ. పిల్ల కాళ్లు కుర్చీ కోళ్లకు తగిలి టకటక కొట్టుకున్నాయి. ఆ వెంటనే సుచరిత కనురెప్పల మీద వేడి తగిలింది. టార్పాలిన్ కాలుతున్న కంపు గొంతులో దిగింది. ఎవరో మగమనిషి "ఉరుకు బిడ్డా, ఉరుకు" అని అరిచాడు. లేచి పరుగెత్తాలనుకుంది గానీ తొడల్లో పట్టు లేదు. చచ్చిపోతానని ఆమెకు స్పష్టంగా తెలిసింది.

కళ్లు తెరిచేసరికి వైశాలి బొమ్మను దగ్గరగా పట్టుకుని చూస్తోంది. కాళ్లు మెల్లగా ఊపుకుంటోంది. "ఈ పొయ్యి మా పెద్దమ్మోళ్ల ఇంట్ల ఉన్నది," అంది.

తలుపు దగ్గర నిలబడ్డ సమ్మక్క కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

*

సుచరితలో ఆ భయం వాడిపోలేదు. వైశాలితో కూర్చున్నకొద్దీ పెరిగింది.

ఒక ఉదయం టీ పెట్టబోయి లైటర్ చేతిలోకి తీసుకుంది. గ్యాసు సన్నగా బుస్సుమంది. తర్వాత తెలివి వచ్చేసరికి ఆమె అపార్ట్‌మెంటు మెట్ల మీద ఉంది, కాళ్లకు చెప్పులు లేవు. పై నుంచి భర్త మహేందర్ పిలుస్తున్నాడు. వెళ్లి చూస్తే పొయ్యి కట్టేసి, కిటికీలన్నీ తీసి, అతను తడి చేతులతో నిలబడి ఉన్నాడు. నిహాల్ వంటింటి గడప మీద ఉన్నాడు. వాడు పొయ్యి వైపు చూడటం లేదు. తల్లి ముఖంలోకే చూస్తున్నాడు.

"గ్యాసు ఇప్పి పోయినవ్. ఏమైంది?" అన్నాడు మహేందర్.

"ఏం లేదు. తల తిరిగింది."

అతను జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్తాడు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు నుంచి వంట అతనే చేశాడు. కుక్కర్ కూత వేస్తే సుచరిత బాత్‌రూములోకి వెళ్లి కుళాయి తిప్పుకునేది. అగరొత్తుల వాసన వస్తే పక్కింటివాళ్ల తలుపు వైపు చూస్తూ చెమటలు పట్టి నిలబడిపోయేది. పని వేళల్లో మాత్రం పళ్లు బిగించి నెట్టుకొచ్చింది. తోటివాళ్లకు చెప్పలేదు. వారిజకు చెబితే, ఓర్చుకో, శిక్షణలో ఇదీ ఒక భాగమే, తగ్గుతుంది అంది.

ఎదురింటి పాప పుట్టినరోజుకు పిలిచారు. సుచరిత వెళ్లనంది. మహేందరే బలవంతపెట్టాడు, నలుగురిలో ఉంటే మనసు కుదుటపడుతుందని. కేకు మీద చిన్న కొవ్వొత్తులు వెలిగించారు. సుచరిత గోడకు ఆనుకుని, నవ్వు ముఖం పెట్టుకునే ప్రయత్నం చేసింది. నిహాల్ కొవ్వొత్తుల వైపు ఒకసారి, తల్లి వైపు ఒకసారి చూశాడు. మళ్లీ కొవ్వొత్తుల వైపు చూసి కెవ్వుమన్నాడు. ఆ అరుపుకు అక్కడున్న పిల్లలంతా బెదిరిపోయారు. వాణ్ని ఎత్తుకుని ఇంటికి వచ్చేసరికి ఒళ్లంతా చల్లబడి ఉంది. ప్యాంటు తడిసింది.

"వానికి ఎవ్వరు ఏం చెప్పలేదు," అన్నాడు మహేందర్, వాడికి బట్టలు మారుస్తూ. "నీ మొఖం సూసి నేర్చుకుండు."

సుచరితకు అది ఎవరూ చెప్పనక్కర్లేదు. పసిపిల్లలు దేనికి భయపడాలో తల్లి ముఖంలోనే చదువుకుంటారు. పిల్లల తల్లులకు ఆ మాట ఆమే ఎన్నోసార్లు చెప్పింది. ఇప్పుడు కొడుకును చూస్తూ కూర్చుంటే ఆమెకు లోలోపల వణుకు పుట్టింది. నిప్పు వల్ల పుట్టిన వణుకు కాదది.

*

వైశాలి మాత్రం బడికి పోతోంది. వేడి అన్నం తింటోంది. సమ్మక్క బండి మళ్లీ తెరిచి, మొదటి వాయి బజ్జీలు కాగితంలో చుట్టి కేంద్రానికి తెచ్చింది. అందరికీ పంచింది. సుచరిత చేతులు పట్టుకుని కళ్లకద్దుకుంది.

అప్పుడే సుచరిత ఒకటి గమనించింది. మాటల మధ్యలో వైశాలి, "బాపు గాడనే కాలిండు, పైపు కాడ," అంది. బస్సు వెళ్లిపోయింది అన్నట్టుగా అంది. ఆ మాటకు తల్లి ముఖం పాలిపోతే, ఆ పాలిపోయిన ముఖం వైపు చూసి ఇంకో బజ్జీ అందుకుంది.

భయం పోతే దుఃఖం కూడా తేలికపడుతుంది కాబోలని సుచరిత సరిపెట్టుకుంది. సరిపెట్టుకోకుండా ఉండాల్సింది.

తర్వాత సమ్మక్క వచ్చినప్పుడు వైశాలి కుడిచేతికి మోచేతి దాకా కట్టు ఉంది. సమ్మక్క కూర్చోమన్నా కూర్చోలేదు.

"మూకుట్ల బజ్జీ తేలితే చెయ్యి వెట్టి తీయవోయింది మేడం. కాగిన నూనె. నేను మొత్తుకుంటున్న. అది నా మొఖం సూసుకుంట నిలవడ్డది. 'అవ్వా, ఏమైంది' అంటది. నొప్పికి ఏడుస్తనే ఉన్నది. ఏడ్సుకుంటనే మళ్ల చెయ్యి వెట్టవోయింది."

ఆమె కట్టున్న ఆ చేతిని తన దగ్గరికి లాక్కుంది.

"దాని భయం పోవాల్నని నేనే మీ కాళ్లు మొక్కిన. ఇప్పుడు మళ్ల మొక్కుతున్న. నా బిడ్డ భయం నా బిడ్డకియ్యున్రి. ఏడిస్తే ఏడ్వనియ్యున్రి. అన్నం సల్లగనే పెడ్త. మీరు తీసిన కాన్నుంచి నాకు నిద్ర లేదు. కన్ను మూస్తే అది ఏడ చెయ్యి వెడ్తదో."

సుచరిత వైశాలిని ఆటల గదిలోకి తీసుకెళ్లింది. కొన్ని ముఖాల ఫోటోలు చూపించింది. నవ్వుతున్న ముఖం, కోపంగా ఉన్న ముఖం, ఏడుస్తున్న ముఖం. వైశాలి అన్నీ టకటక చెప్పింది. చివరగా భయపడుతున్న ఒక స్త్రీ ఫోటో ఇచ్చింది. పిల్ల దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఈమె ఏం చేస్తున్నది వైశూ?"

"నోరు తెరిసింది." కాసేపు ఆలోచించింది. "పాట వాడుతున్నదా?"

గదిలో ఫ్యాను తిరుగుతోంది. సుచరిత ఫోటోలన్నీ ఒక్కొక్కటిగా ఏరి డబ్బాలో పెట్టింది.

*

ప్రొఫెసర్ వారిజ అంతా విన్నది. కళ్లజోడు తీసి చాలాసేపు తుడిచింది.

"కొన్నాళ్లు ఆగుదాం. దానంతటదే మళ్లీ పుట్టుకు రావచ్చు," అంది.

"ఆ లోపల ఆ పిల్ల కాలిపోతే?"

వారిజ కళ్లజోడు మళ్లీ పెట్టుకుంది.

"మీరెప్పుడైనా ఆ కుర్చీలో కూర్చున్నారా మేడమ్?"

"లేదు." కిటికీ వైపు తిరిగి అంది వారిజ. "కూర్చోవాలనే అనుకున్నాను. మొదట్లో ఒక బాబుకి కుక్కలంటే భయం. టోపీ పెట్టుకునేదాకా వచ్చి, లేచిపోయాను. నాకు భయమేసింది. నా బదులు ఇంకొకరు కూర్చున్నారు."

"వెనక్కి ఇవ్వడం కుదురుతుందా?" అని అడిగింది సుచరిత.

"కుదురుతుంది. కుర్చీలు మార్చుకోవడమే. కానీ ఒక సంగతి విను. ఆ పిల్ల భయం ఒక్కటే విడిగా తీసి ఇవ్వలేం. నీకు చిన్నప్పటి నుంచీ నిప్పంటే ఉన్న మామూలు జాగ్రత్త ఉంటుంది కదా, అది దీనితో కలిసిపోయింది. పాలు తోడుకున్నాక ఏది పాలు, ఏది తోడు అని విడదీయగలమా? ఇస్తే రెండూ పోతాయి. ఆ పిల్లకి జరిగింది అదే. రేపు నీకూ అదే."

"ఇంకెవరైనా..."

"ఎవరిస్తే వాళ్లు ఖాళీ అవుతారు. ఎవరో ఒకరు ఖాళీగా ఉండాల్సిందే. నేను కూర్చుందామన్నా, ఆ భయం ఉన్నది నీ దగ్గర."

సుచరిత ఆ మాట మహేందర్‌కు చెప్పింది. అతను బియ్యం కడుగుతూ విన్నాడు. "ఇస్తే నీకు ఈ వణుకు పోతదా?" అని అడిగాడు. పోతుందంది. "మంటంటే అసలు భయమే ఉండది అంటున్నవ్." ఉండదంది. అతను నీళ్లు వంపేసి, చేతులు తుడుచుకున్నాడు.

"నిప్పు కాలుస్తదని నీకు తెలుసు గదా. తెలుసుడు వేరు, భయం వేరు. నువ్వు తెలివితోని బతకగలవ్. ఆ పిల్లకు ఇంకా అంత తెలివి రాలే," అన్నాడు. ఆ మాట తనకు తాను చెప్పుకున్నట్టే ఉంది.

సుచరితకు ఇక మిగిలింది వైశాలిని అడగడం. అడగకుండా కూర్చోబెట్టడం ఆమెకు ఇష్టం లేదు. ఆటల గదిలో నేలమీద కూర్చుని, ఉన్నదున్నట్టు చెప్పింది. మళ్లీ భయమొస్తుందనీ, ఏడుపొస్తుందనీ, పొయ్యి దగ్గరికి పోలేవనీ చెప్పింది.

"నొప్పి వెడ్తదా?" అంది వైశాలి.

"పెడుతుంది బిడ్డా. చెయ్యి కాలిన నొప్పి లాగ కాదు. లోపల."

"సరే," అంది వైశాలి వెంటనే. తర్వాత క్రేయాన్లు తీసుకుని బొమ్మ గీసుకోసాగింది.

ఆ 'సరే' సుచరితను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది. భయమంటే ఏమిటో తెలియని పిల్ల భయానికి ఒప్పుకుంది. అట్లాంటి ఒప్పుదలకు విలువెంత? సమ్మక్క వైపు చూసింది. సమ్మక్క తలూపింది. ఇక ఆ తల్లి ఒప్పుదలతోనే సుచరిత వైశాలి కుర్చీలో కూర్చుంది.

ఈసారి బొమ్మ చూపించింది సుచరితకు. ముందు అదే వేడి, అదే కంపు. "ఉరుకు బిడ్డా" అన్న కేక. ఆ తర్వాత ఆ కేక దూరమైంది. ఇంకా దూరమైంది. ఎవరి గొంతో గుర్తుపట్టలేనంత దూరమై, లేకుండా పోయింది. ఆమె చేతిలో పొయ్యి బొమ్మ ఉంది. నీలం రంగు బాగుందనుకుంది.

ఎదుటి కుర్చీలో వైశాలి అరిచింది. ఆ అరుపు బంగళా అంతా వినబడింది. టోపీ పీకేసి, కుర్చీ పడేసి, తల్లి కాళ్ల మీద పడింది. "అవ్వా, బాపు కాలుతుండే, బాపు కాలుతుండే" అంటూ తల్లి పొట్టలో తల దూర్చింది. సమ్మక్క నేలమీద కూలబడి పిల్లను ఒడిలో కుక్కుకుంది. తల్లీ బిడ్డా ఇద్దరూ కలిసి ఏడ్చారు. భర్త పోయాక ఆ తల్లి తన బిడ్డతో కలిసి ఏడవడం అదే మొదటిసారి.

ప్రొఫెసర్ వారిజ పెట్టె తీగలు ఊడదీసింది. ఎవరూ అడగకపోయినా గదికి తాళం వేసింది.

వైశాలికి మళ్లీ పాత పద్ధతిలోనే చికిత్స మొదలైంది. ఇప్పుడా పిల్ల ఒక్కతే కాదు, తల్లి కూడా పక్కన కూర్చుంటుంది. ఎండలు ముదిరేసరికి, వెలగని అగ్గిపుల్లను ఆ పిల్ల కాసేపు చేతిలో పట్టుకోగలిగింది. తర్వాత దాన్ని దూరంగా పెట్టి చేతులు కడుక్కుంది. సమ్మక్క అన్నం చల్లారబెట్టే పెడుతోంది. కంటినిండా నిద్రపోతున్నానని చెప్పింది.

*

సుచరిత వంటింట్లోకి తిరిగొచ్చింది. లైటర్ నొక్కితే మంట వస్తుంది, దానిమీద గిన్నె పెట్టాలి. అంతే. మనసులో ఏమీ కదలదు. జాగ్రత్తలన్నీ ఆమె బుద్ధితో గుర్తుపెట్టుకుంది. చున్నీ ముడేసుకోవాలి. జుట్టు కట్టుకోవాలి. మంట మీదుగా చెయ్యి చాపకూడదు. పాఠం అప్పజెప్పుకున్నట్టు రోజూ లోలోపల అనుకునేది.

ఒక ఆదివారం దోసెలు పోస్తోంది. మహేందర్ కూరగాయలకు వెళ్లాడు. నిహాల్ ఎప్పటిలాగే గడప అవతల నిలబడ్డాడు. పొయ్యి వెలుగుతుంటే వాడు లోపలికి రాడు. సుచరిత దోసె తిరగేసి, అవతలి అరలో ఉన్న ఉప్పు డబ్బా అందుకుంది. ఏదో పాట కూనిరాగం తీస్తోంది.

ఎందుకో కొడుకు వైపు చూసింది. వాడి కనుబొమలు పైకి లేచి ఉన్నాయి. కళ్లు పెద్దవయ్యాయి. నోరు తెరుచుకుంది గానీ శబ్దం రావడం లేదు. ఆ ముఖాన్ని ఆమె ఒక క్షణం ఊరికే చూసింది. ఈ ముఖం పేరు తను చదువుకుంది. గుర్తు తెచ్చుకుంది. భయం. దేనికి భయం? వాడి చూపు ఎటుందో వెతికి, ఆ చూపు వెంట తన చేతి వైపు చూసింది. కుర్తా చేతి అంచు సన్నగా అంటుకుని ఉంది. పసుపు మంట మణికట్టు దాటి పైకి పాకుతోంది.

నొప్పి అప్పుడు తెలిసింది. సింకులోకి చెయ్యి పెట్టి కుళాయి తిప్పింది. చర్మం ఎర్రగా కమిలింది, అంతకు మించి ఏమీ కాలేదు. పొయ్యి కట్టేసి నిహాల్ దగ్గర కూర్చుంది. వాడు ఆమె మెడ పట్టుకుని, వేలాడుతున్నట్టు అంటుకుపోయి వణికాడు. ఆ వణుకు ఆమె ఒంటికి తగులుతోంది. లోపలికి రావడం లేదు.

వాడి భయం పోగొట్టడం ఎలాగో ఆమెకు బాగా తెలుసు. వాడిది పసి భయం, కొత్తది. ముందు బొమ్మలు, తర్వాత వెలగని పొయ్యి, తర్వాత దూరంగా చిన్న దీపం. వానలు పడేలోపల మామూలు పిల్లాడైపోతాడు. పరాయి పిల్లలకు ఆమె రోజూ చేసే పనే. మహేందర్ కూడా అడిగాడు, వీని సంగతి ఎప్పుడు మొదలు పెడ్తవని. రేపటి నుంచి అంది.

మర్నాడు పొద్దున్నే టీ నీళ్లు గిన్నెలో పోసింది. చున్నీ ముడేసుకుంది. లైటర్ చేతిలోకి తీసుకుని ఆగింది.

"నిహాల్, ఇటు రా బిడ్డా," అని పిలిచింది.

వాడు బొమ్మకారు వదిలేసి వచ్చాడు. గడప దగ్గర ఆగి, గోడను పట్టుకున్నాడు. పెదవులు అప్పుడే వణుకుతున్నాయి. ఆమె వాడి ముఖం బాగా కనబడేలా కొంచెం పక్కకు జరిగి నిలబడి, తన చేతి వైపు కాక ఆ ముఖం వైపే చూస్తూ లైటర్ నొక్కింది.